మామగారికి మారకం

ఒక ఆదివారం ఉదయం గాజువాకలో నేనొక పెద్దమనిషిని, ఆయన వరండాలోనే కూర్చుని, ఆయనింటి ఉప్మా తింటూ, ఒక అట్టముక్కతో చంపేశాను. కత్తి లేదు, కర్ర లేదు, గొంతు పెంచి మాట్లాడింది కూడా లేదు. నా చేతికి అంటిన మరకల్లా ఉప్మాలో నెయ్యిదే. ఆ మరకకి మొదట ఒక దీర్ఘం, చివర ఒక సున్నా తగిలిస్తే వచ్చే మాటే నా కొంప ముంచింది. దాన్ని పైన పేరులో పెట్టాను, చూసుకోండి.

పోయినాయన ఎవరో కాదు, నాకు కాబోయే మామగారు. 'కాబోయే' అన్నది అప్పటికి నా ఒక్కడి అభిప్రాయం. ఆయన అభిప్రాయం వేరే ఉండేది.

ఎనభైల మొదట్లో నేను విశాఖపట్నం రేవులో ఓ ఓడల ఏజెంటు దగ్గర గుమాస్తాని. ఓడ రేవుకి రాగానే అందులోని నావికుల బాగోగులన్నీ మావే. ఒకడికి చెప్పులు కావాలి, ఒకడికి కడుపునొప్పి మందు కావాలి, అందరికీ వాళ్ళ దేశం నోట్లు ఇచ్చి మన నోట్లు పుచ్చుకోవడం కావాలి. దీన్నే మా ఆఫీసులో 'విదేశీ మారకం' అనేవాళ్ళం. పొద్దున్న గుమ్మంలో అడుగు పెడితే సాయంత్రం గొడుగు తీసుకునేదాకా మా చెవుల్లో ఇదే మాట. మారకం గది, మారకం వేళ, మారకం గుమాస్తా. మారకం గుమాస్తా అంటే నేనే. ఈ బిరుదు నన్ను ఎక్కడికి తీసుకెళుతుందో అప్పుడు తెలిస్తే ఇంకో ఉద్యోగం చూసుకునేవాణ్ణి.

నా పక్క కుర్చీ దేవదానానిది. అతనిది క్రైస్తవ కుటుంబం, మాది కాదు, మా మధ్య ఏ వైపునుంచీ చుట్టరికం లేదు. అయినా మావైపు పక్క కుర్చీలో కూర్చున్నవాడు బావ కాక ఇంకేమవుతాడు. నేను బావ, అతనూ బావ.

ఒకసారి ఒక నావికుడికి పన్ను పీకించడానికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ నావికుడి పేరు ఇక్కడ రాయాలంటే తెలుగు అక్షరాలకి పన్ను నొప్పి పుడుతుంది, వదిలేయండి. ఆయనకి ఇంగ్లీషులో గట్టిగా వచ్చిన మాటలు మూడు. గుడ్, నో గుడ్, ఎక్స్ఛేంజి. ఏ దేశం రేవులో దిగినా నోట్లు మార్చుకోవాలి కాబట్టి మూడోది మరీ బాగా వచ్చు. పన్ను పీకించుకుని వచ్చి, బుగ్గ బూరెలా పెట్టుకుని, నా క్యారేజీలోని ఆవకాయ నాకాడు. నాకి కళ్ళనీళ్ళు పెట్టుకుని, "గుడ్" అన్నాడు. మర్నాడు నేనొక జాడీడు ఆవకాయ తెచ్చిస్తే, జేబులోంచి ఒక పేకముక్కల పెట్టె తీసి, "ఎక్స్ఛేంజి" అన్నాడు.

రమ్మీ ఆడుకోవచ్చని సంబరపడి విప్పాను. రాజు, రాణి ఉన్నారు గానీ ఆట ముక్కలు కావవి. టారో అట. జోస్యం చెప్పే ముక్కలు. తిరగేస్తూంటే ఒక ముక్క దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. తెల్లగుర్రం మీద ఇనప కవచం తొడుక్కున్న ఎముకల గూడు. చేతిలో నల్లజెండా, జెండా మీద తెల్ల పువ్వు. గుర్రం కాళ్ళ కింద కిరీటం ఊడిపోయిన రాజు వెల్లకిలా పడి ఉన్నాడు. కింద పేరు 'డెత్' అని స్పష్టంగా, మన పోస్టాఫీసు ముద్రలా కాకుండా, చదవగలిగేట్టు ఉంది.

నేను దాన్ని కింద పడేశాను. నావికుడు వాచిన బుగ్గతోనే నవ్వాడు.

"నో డై. నో డై. ఎక్స్ఛేంజి. ఓల్డ్ గో, న్యూ కమ్. గుడ్." అని, వెనకాల రెండు బురుజుల మధ్య పుడుతున్న సూర్యుణ్ణి వేలితో పొడిచి చూపించాడు.

నాకు అర్థమైపోయింది. అందరూ చూసి హడలిపోయే ఈ ముక్క అసలు చావుకి సంబంధించింది కానేకాదు. పాతది సెలవు పుచ్చుకుని కొత్తది వచ్చి కూర్చుంటుంది, అంతే. మార్పిడి. ఎక్స్ఛేంజి. దానికి తెలుగు వెతుక్కోవడానికి నేనేమన్నా పండితుణ్ణా, మారకం గుమాస్తాని. నా నోట్లో ఆ మాట రెడీగా కూర్చునుంది.

ఆఫీసులో నా జోస్యం వారం తిరక్కుండానే మార్మోగిపోయింది. దేవదానానికి గుర్రం ముక్క పడితే, "బావా, నీకు మారకం ఉంది" అన్నాను. ఆ వారమే అతని పాత సైకిలు ఎవడో ఎత్తుకుపోయాడు. మేనమామ జాలిపడి కొత్తది కొనిచ్చాడు. ఇక చూడండి, క్యాంటీన్లో నాకు ఇడ్లీ అడక్కుండానే వచ్చేది. అక్కడ ఎవరూ మారకం అంటే బెదరలేదు. మా ఆఫీసులో ఆ మాటకి ఒకటే అర్థం.

ఇక నా గుండె సంగతి. మద్రాసు ఆఫీసుకి ట్రంకుకాలు బుక్ చేస్తే, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలోంచి ఒక అమ్మాయి, "లైన్లో ఉన్నారు, మాట్లాడండి" అనేది. మద్రాసులో ఎవరున్నారో నాకు అక్కర్లేకపోయింది. ఒక కాలు సరిపోయేచోట మూడు బుక్ చేసేవాణ్ణి. తీరా ఆరా తీస్తే ఆ గొంతు దేవదానం పక్కింటిదే. పేరు సత్యవతి.

"బావా, ఆ పిల్ల బంగారం. ఆల నాన్నతోనే సిక్కు" అన్నాడు దేవదానం.

ఆల నాన్న పేరు సన్యాసినాయుడు. పేరు సన్యాసే గానీ ఏదీ వదులుకునే రకం కాదు. విరిగిన గొడుగు వదల్డు, మూతపోయిన డబ్బా వదల్డు, నోట్లో చుట్ట వదల్డు, గోపాలపట్నంలో ఉన్న తమ్ముడితో వాళ్ళమ్మ ఇత్తడి గుండిగ గురించి పెట్టుకున్న తగువు అసలే వదల్డు. అల్లుడంటే స్టీలు ప్లాంటులో పనిచేసేవాడే అన్న పట్టుదల కూడా వదల్డు. ప్లాంటు కుర్రాడొకడి సంబంధం అప్పటికే కుదరబోతోంది. వాళ్ళు వచ్చేవారం పిల్లని చూసుకోడానికి వస్తున్నారు.

"ఈ ఆదివారమే ఎల్దాం బావా" అన్నాడు దేవదానం. "ఆయనికి జాతకాలంటే ప్రాణం. నీ దొరల పేకముక్కలు తే. ఒక మంచి మాట సెప్పి మనసు పట్టీ. మీవోల్లని తరవాత తెద్దువుగాని."

జాతకాలంటే ప్రాణం అన్నాడు. నేను రెండూ ఒకేసారి తీస్తానని అతనికేం తెలుసు.

జ్యేష్ఠమాసం. ఇస్త్రీ చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. సన్యాసినాయుడు గారు పడకకుర్చీలో, చుట్టపొగలో, సగం కనపడుతూ సగం కనపడకుండా ఉన్నారు. ఆయన భార్య నూకాలమ్మ గారు ఉప్మా ప్లేట్లు పెట్టి గుమ్మం పక్కన నిలబడ్డారు. లోపల తలుపు వెనక గాజుల చప్పుడు.

"బాబు ఏటి సేత్తన్నాడు?" అన్నారాయన.

"పోర్టులో అండి. ఓడల ఏజెంటు దగ్గర."

"ఓడలదేటుంది, వొస్తాయి, ఎల్లిపోతాయి. ప్లాంటైతే ఎక్కడికీ ఎల్లదు."

దేవదానం అందుకున్నాడు. "బాబాయ్, మా బావ దొరల జాతకం సెప్తాడు. ఒక్క ముక్క తియ్యి, నీ ముందు సంగతి మొత్తం సెప్పీసినాడంటే నన్నడుగు."

చుట్టపొగ చీలింది. ఆయన ముందుకి వంగారు. నేను ముక్కలు కలిపి బోర్లా పరిచాను. సూర్యుడు రావాలి, లేదా నిండు గిన్నెలు రావాలి అని సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నాను. అప్పన్న ఆ రోజు వేరే భక్తుల పనిలో ఉన్నట్టున్నాడు. ఆయన తీసింది గుర్రం ముక్క.

"ఇదేటి బాబూ, పీనుగు గుర్రమెక్కీసింది?"

చూశారా, ఇక్కడ నేను "ఏమీ లేదండి" అని ముక్క జేబులో పెట్టుకుని ఉప్మా తింటే ఈ రచన లేదు. కానీ పిల్ల తలుపు వెనక వింటోంది. నాలుగు గంభీరమైన మాటలు మాట్లాడాలనిపించింది. గొంతు సవరించుకున్నాను.

"కంగారు పడకండి. చాలా మంచి ముక్క ఇది. మీకు మారకం ఉంది."

చుట్ట ఆయన వేళ్ళ మధ్య ఆగిపోయింది.

"ఏటుంది?"

"మారకమండి. మామూలుది కాదు, భేషైన మారకం. మా ఆఫీసులో రోజూ చూస్తూనే ఉంటాం."

"రోజూనా?"

"రోజుకి ఎంత లేదన్నా పదిమందికి నేనే దగ్గరుండి చేయిస్తాను. దూరదేశాల వాళ్ళకైతే దిగీ దిగగానే అయిపోవాలి."

"ఓలమ్మో, పోర్టులో ఇదేటి పని?" అన్నారు నూకాలమ్మ గారు.

దేవదానం నా కాలు తొక్కాడు. బాగా చెబుతున్నావు, కానివ్వు అన్నట్టు తోచింది నాకు.

"ఇందులో భయమేముందండి. ఎవరికైనా తప్పనిదే. పాతది పోతుంది, కొత్తది వస్తుంది. మీరు ఇల్లు కూడా మారతారు. ఇంతకంటే విశాలమైన చోటు."

"నాను ఎక్కడికీ రానని సెప్పు" అన్నారు సన్యాసినాయుడు గారు, ఎవరో వాకిట్లో నిలబడి పిలుస్తున్నట్టు.

నా కాలి మీద మళ్ళీ దేవదానం కాలు పడింది. నేను ఇంకాస్త ఊపందుకున్నాను.

"మీరేం శ్రమ పడక్కర్లేదు. ఇన్నాళ్ళూ ఒక్కరే మోశారు, ఇక నలుగురు కలిసి మిమ్మల్ని మోస్తారు. ఆ నలుగురిలో నేనూ ఒకణ్ణి. ముందువైపు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"ఎప్పుడంటావు?" అన్నారాయన, కుర్చీ చేతులు పట్టుకుని.

నా మనసులో ఉన్నది పెళ్ళి ముహూర్తం. కాస్త సిగ్గుపడుతూ, "శ్రావణంలో అయిపోతే అందరికీ సంతోషం" అన్నాను.

"అందరికీనా?"

నూకాలమ్మ గారు ముక్క లాక్కుని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు. "ఈ సూరీడు లేస్తన్నాడా, ములుగుతన్నాడా?"

ఇక్కడ నా నిజాయితీ అడ్డం వచ్చింది. "మనవైపైతే సముద్రం పక్కనుంటే లేస్తున్నట్టండి. ఇందులో సముద్రం కనపడటం లేదు. గట్టిగా చెప్పలేను."

లోపల్నుంచి ఎవరో గుడ్డ అడ్డం పెట్టుకుని ఎక్కిళ్ళు పెడుతున్న చప్పుడు వచ్చింది. పాపం ఆనందబాష్పాలు అనుకున్నాను.

సన్యాసినాయుడు గారు తనకోసం తెచ్చిన కాఫీగ్లాసుని మెల్లగా పక్కకి జరిపారు. "నూకాలూ, నాకొద్దు. ఆ గుంటడికిచ్చీ. ఇంకా బతకాల్సినోడు" అని కళ్ళు మూసుకున్నారు.

నూకాలమ్మ గారు నాకు కాఫీ ఇవ్వలేదు. లోపలికెళ్ళి చీపురు తెచ్చారు.

బస్టాపు దాకా ఊపిరి పీల్చుకోలేదు. అక్కడ దేవదానం స్తంభానికి ఆనుకుని, "బావా, మారకం అంటే ఏటనుకున్నావు?" అన్నాడు.

"ఎక్స్ఛేంజి."

"మనాఫీసులో ఎక్స్ఛేంజి. జాతకాల్లో సావు. మారకస్థానం, మారకదశ, ఎప్పుడూ ఇన్లేదేటి? మా పక్కింట్లో పొద్దస్తమానం అవే, గోడ మీంచి నాకే వొచ్చీసినాయి. బైబిలు సదివినోడు సెప్పాలేటి నీకు?"

"మరి చెప్పొచ్చుగా."

"కాలు తొక్కినాను కాదేటి. తొక్కినప్పుడల్లా నువ్వు ఇంకో మాట కలిపీసినావు. ముందువైపు పట్టుకుంటానన్నప్పుడు నా కాలే నెప్పెట్టీసింది."

ఇక మర్నాటినుంచి ఆఫీసులో దేవదానం రోజూ వార్తలు చదివేవాడు. సన్యాసినాయుడు గారు మంచం ఎక్కారు. చుట్ట మానేశారు. పోయేముందు లోకాన్ని ఒకసారి సరిగ్గా చూసుకోవాలని, ఎన్నాళ్ళనుంచో వాయిదా వేసిన కళ్ళజోడు చేయించుకున్నారు. గోపాలపట్నం వెళ్ళి తమ్ముణ్ణి కావలించుకుని, ఇత్తడి గుండిగని రిక్షాలో పెట్టి మరీ అప్పగించి వచ్చారు. అన్నిటికంటే భయంకరమైన వార్త బుధవారం వచ్చింది. అన్నం తింటూ ఆయన భార్యతో, "నీ సేపల పులుసు బాగుంటాది నూకాలూ" అన్నారట. గుర్రం ముక్క చూసి కూడా గట్టిగా నిలబడిన ఆవిడ, ఆ ఒక్క మాటకి పొయ్యిదగ్గర కూలబడి ఏడ్చిందట.

చూడలేక దేవదానం ఆ రోజే గోడమీంచి అసలు సంగతి ఆవిడకి చెప్పేశాడు. ప్లాంటు వాళ్ళకి మాత్రం ఎవరూ చెప్పలేదు. వాళ్ళు శనివారం వచ్చి, మంచమ్మీద ఆయన్ని చూసి, శ్రావణంలో పోతారని ఆయన నోటివెంటే విని, పెళ్ళి మధ్యలో మైల వస్తే మాకు కుదరదని చెప్పి, అరిసెలు మాత్రం తిని వెళ్ళిపోయారు.

సంబంధం చెడగొట్టిన పాపం కూడా నాదే అయింది. ఇక లాభం లేదని ఆదివారం నేనే బయల్దేరాను. నిజం చెప్పేస్తాను, తన్నినా సరే, ఆ మనిషి మంచం దిగాలి. సత్యవతి సంగతి ఇక మరిచిపోవాలి. బస్సులో నాలుగుసార్లు మరిచిపోయాను, అయిదుసార్లు గుర్తొచ్చింది.

గేటు దగ్గర నూకాలమ్మ గారు, చేతిలో మళ్ళీ చీపురు. నేను కళ్ళు మూసుకున్నాను. చీపురు పడలేదు.

"బాబూ, ఇప్పుడే సెప్పీకు" అన్నారు గుసగుసగా.

"నిజం దాచకూడదు కదండీ."

"దాసమనలేదు. వానలొస్తన్నాయి, పెంకులు మార్పిత్తానన్నారు. పనోల్లు రేపొస్తారు. ఇరవై ఏళ్ళనుంచి అడుగుతన్నాను. రేపు సాయంత్రం దాకా సావనీ."

"ఎవులది? పోర్టు బాబా? రమ్మను" అన్న కేక వరండాలోంచి వచ్చింది.

వెళ్ళి మంచం పక్కన నిలబడి, గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. నావికుడు, పన్ను, ఆవకాయ, ఎక్స్ఛేంజి, మారకం గది, అన్నీ. "తప్పు ముక్కది కాదండి, నా మాటది. ఆ ముక్కకి అర్థం మార్పు అనేనట. ఒకటి ముగిసి ఇంకోటి మొదలవుతుంది. చావు మాత్రం కాదు."

ఆయన కొత్త కళ్ళజోడులోంచి నన్ను కింద నుంచి మీదకి చూశారు.

"అంటే నాను సావనా?"

"చావరండి. ఈ ముక్క ప్రకారమైతే చావరు."

"మరి నా గుండిగో?"

ఆయన లేచి కూర్చున్నారు. వారంనుంచి అప్పగింతలకి తప్ప మంచం దిగని మనిషి లుంగీ బిగించి నిలబడ్డారు.

"గుండిగిచ్చీసినాను. తమ్ముడి మెడ కావలించుకుని ఏడిసీసినాను, ఈది ఈదంతా సూసింది. సుట్ట మానీసినాను. ఈవిడ పులుసు బాగుందని నా నోటితో సెప్పీసినాను, ఇంక జన్మంతా దెప్పుతాది. ప్లాంటల్లుడు అరిసెలు తినీసి ఎల్లిపోనాడు. పాతది పోతాది, కొత్తదొస్తాది అన్నావు కాదేటి. పాతవన్నీ పోనాయి. కొత్తదేది? సూపించు. నాకేటొచ్చింది?"

నేను చెప్పులవైపు చూసుకుంటున్నాను, వాటిని తొడుక్కోవడానికి ఎంతసేపు పడుతుందా అని.

అప్పుడు తలుపు వెనకనుంచి ఆ గొంతు వచ్చింది. మద్రాసుకీ నాకూ మధ్య ఎన్నిసార్లో విన్న గొంతు.

"పాత సంబంధం పోనాది కదా నాన్నా. కొత్తది నీ ఎదురుగానే నిలబడీసుంది. లైన్లో ఉన్నారు, మాట్లాడండి."

పోయిన ఆదివారం నేను ఆనందబాష్పాలనుకున్న ఎక్కిళ్ళు, నవ్వు ఆపుకోవడమని నాకు అప్పుడు వెలిగింది.

సన్యాసినాయుడు గారు తలుపువైపు చూశారు, నావైపు చూశారు, భార్యవైపు చూశారు. ఆవిడ చీపురు గోడకి ఆనించి, "రోజూ పదిమందికి దగ్గరుండి సేయించేవోడట, ఓపికున్న గుంటడే" అన్నారు.

ఆయన ముక్క అడిగి తీసుకుని, కళ్ళజోడు ముక్కుమీదికి జరుపుకుని, రెండు బురుజుల మధ్య ఉన్నదాన్ని పరీక్షగా చూశారు.

"నూకాలూ, సూరీడు లేస్తన్నాడే. కాఫీ తే. ఇద్దరికీ."

ఆ కాఫీ రుచి గురించి నేను ఒక పుస్తకం రాయగలను గానీ, మీకు పని ఉంటుంది. మారకం గుమాస్తా మహారాజైపోయాడు. శ్రావణంలోనే, నేను జోస్యం చెప్పిన నెలలోనే, అందరి సంతోషంతోనే అయిపోయింది. కొత్త పెంకుల కింద పందిరి, మామగారి తమ్ముడు తెచ్చిన గుండిగలో పులిహోర, దేవదానం వడ్డన. మొయ్యడానికి నలుగురు వచ్చారు, పెట్రోమాక్స్ లైట్లని. మామగారు గుర్రం ముక్కని మాత్రం నాకు తిరిగి ఇవ్వలేదు. కుళాయి బాగుచేసేవాడు రేపు, ఎల్లుండి అంటూ తిప్పితే, నవ్వుతూ దాన్ని ఒకసారి చూపించేవారు. సాయంత్రానికల్లా నీళ్ళొచ్చేవి.

అయినా తప్పు తప్పే. అందుకని పెళ్ళిపీటల మీంచి లేస్తూనే, అగ్ని ఇంకా ఆరకముందే, గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను. రెండర్థాలున్న మాట ఈ ఇంట్లో ఇక ఛస్తే వాడను. తెలుగంతా గాలించి, ఒకే ఒక్క అర్థం ఉన్న మాట ఒకటి పట్టుకున్నాను. ఇన్నేళ్ళ సంసారంలో మా ఆవిడ ఏం చెప్పినా దాన్నే వాడుతున్నాను: "సరే."

ఇందాక ఇది రాస్తూంటే భుజంమీంచి చదివి ఆవిడ అంది:

"దానికి రెండో అర్థం ఉందని నాకు మొదటి రోజే తెలుసు. పోనీలే పాపం అని మొదటి అర్థమే వింటున్నాను."

సరే.